భాగ్యవతి గోడౌన్ నిండుకుంది

పలాస, కాశీబుగ్గల్లో ఏ షావుకారైనా "మా గోడౌన్ నిండుకుంది" అని చెబితే సంతోషించకండి. అక్కడ ఒక్క బస్తా కూడా మిగల్లేదని అర్థం. తెలుగువాళ్ళకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. మన ఇళ్ళల్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మనిషి వెళ్ళిపోడు, వెళ్ళొస్తాడు. ముప్పై ఒక్క సంవత్సరాలు పిల్లలకి తెలుగు చెప్పినదాన్ని నేను. ఈ మాటల అందం గురించి క్లాసులో గొంతు చించుకున్నదాన్ని. అందులో ఒక మాట నలభై ఇద్దరు ఆడవాళ్ళ కూటి మీదికి తెచ్చిపెడుతుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

నా పేరు చూడామణి. మాది అరసవల్లి. మా నాన్నగారు అక్కడి గుళ్ళో రోజూ కీర్తనలు పాడేవారు. నాకు ఆ గొంతు రాలేదు, ఆయన ముక్కు మీది కోపం మాత్రం వచ్చింది. కాశీబుగ్గ హైస్కూలుకి బదిలీ మీద వచ్చి, భాగ్యవతి వాళ్ళ మేడ మీద వాటాలో అద్దెకి దిగి పందొమ్మిదేళ్ళయింది. రిటైరయినా కదల్లేదు. కదులుతానంటే ఆవిడ ఊరుకోదు.

"నువ్వెల్లిపోతే నాతోటి తగువు ఎవులాడతారు పంతులమ్మా?" అంటుంది.

భాగ్యవతిది జీడిపప్పు వ్యాపారం. పద్దెనిమిదేళ్ళప్పుడు పెళ్ళయి విజయనగరం నుంచి ఈ ఊరొచ్చింది. పుట్టింటివాళ్ళకి గోనెసంచుల కొట్టు ఉండేది. "మా నాయిన సంచులమ్మీవోడు, మా మావ సంచులు నింపీవోడు. ఈ మద్దిన నన్నెట్టినారు" అని నవ్వుతుంది. భర్త పోయి పదిహేడేళ్ళు. బజార్లో పప్పు అమ్మే కొట్టు కొడుకు జయకృష్ణ చూసుకుంటాడు. పిక్కలు కొనడం, ఇంటి పక్కనే ఉన్న ఫ్యాక్టరీ నడపడం మాత్రం ఆవిడే. పిక్క అంటే పెంకు తియ్యని జీడిగింజ. దాన్ని ఉడికించి, కోసి, బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టి, పైపొట్టు తీసి, సైజుల వారీగా ఏరితే అప్పుడు మీ పాయసంలో తేలే జీడిపప్పు అవుతుంది. అరవై మూడేళ్ళ వయసులో ఇప్పటికీ పొద్దున్నే గుప్పెడు పిక్కలు తీసుకుని తనే కోసి చూస్తుంది. ఆవిడ వేళ్ళ మీద పెంకులోని జీడి అంటి కాలిన మచ్చలు ఎన్నో. కోసిన పిక్కని వాసన చూసి అది ఏ దేశపుదో చెప్పేస్తుంది. నేను పరీక్షలు పెట్టి చూశాను. ఒక్కసారీ తప్పలేదు, నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

మా ఊళ్ళో పిక్కలు రెండు రకాలు. ఉద్దానం తోటల్లో కాసేది ఊరి పిక్క. సముద్రం మీద వచ్చేది ఓడ పిక్క. ఊరి పిక్క వేసవిలో వస్తుంది, వానాకాలం సగమయ్యేసరికి నిండుకుంటుంది. మిగతా ఏడాదంతా మా ఊరి ఫ్యాక్టరీలు నడిచేది ఆఫ్రికాలో ఓడెక్కి, విశాఖపట్నం రేవులో దిగి, అక్కణ్ణుంచి లారీల మీద వచ్చే ఓడ పిక్క మీదే. తిత్లీ తుపానుకి ఉద్దానం తోటలు నేలకొరిగిన ఏడాది, పొట్టు తీసే ఆడవాళ్ళు భాగ్యవతి గేటు ముందు నిలబడి ఏడ్చారు. కొందరికి తోటలూ పోయాయి, ఇంక పనీ పోతుందని భయం. ఆవిడ బయటికొచ్చి ఒక్క కసురు కసిరింది.

"సెట్లు పడిపోనాయి గానీ ఓడలు పడిపోనాయేటి? నా గేటు ఒక్క రోజు మూతపడదు. ఎల్లి పనిలో కూకోండి!"

ఆ మాట నిలబెట్టుకుంది. కరోనా నాడు ప్రభుత్వం మూయించిన రోజులు, పండగ సెలవులు తప్ప ఆ గేటు మళ్ళీ మూతపడలేదు. నలభై ఇద్దరు ఆడవాళ్ళు దాని మీద బతుకుతున్నారు. పొద్దున్నే పల్లెల నుంచి ఆటోల్లో దిగి, సగం తెలుగు, సగం ఒడియా మాట్లాడుకుంటూ లోపలికి వెళ్ళేవాళ్ళని మా మేడ మీద నుంచి చూడకపోతే నాకు కాఫీ దిగదు.

ఓడ బస్తాల్లో పిక్కలతో పాటు అప్పుడప్పుడూ ఇంకేవో వస్తాయి. సీసా మూత, చొక్కా గుండీ, అరిగిన పెన్సిలు ముక్క. భాగ్యవతి వాటిని పారెయ్యదు. ఒక హార్లిక్స్ సీసాలో దాస్తుంది. "ఎవులిదో, ఎతుక్కుంటారు కదా" అంటుంది. అంత సముద్రం దాటి వచ్చిన గుండీని ఎవరు వెతుక్కుంటారని అడిగితే, గుండీ లేని చొక్కావాడు వెతుక్కుంటాడంటుంది.

ఇన్నేళ్ళూ ఓడల మీద బతికిన మనిషి ఓడని చూసింది మాత్రం ఒక్కసారే. మనవరాలు సింధు రెండేళ్ళ కిందట విశాఖ బీచ్‌కి తీసుకెళ్ళింది. దూరంగా, సముద్రంలో వరసగా నిలబడి ఉన్న ఓడల్ని చూపించి, రేవులో చోటు కోసం ఆగాయని చెప్పింది. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు చూసింది.

"అదేటే, నిలబడిపోనాయి? ఎవులికో పిక్కలు నిండుకునుంటాయి. కదలమను!" అందట.

ఇక ఆ మాట దగ్గరికొద్దాం. భాగ్యవతి తన గోడౌన్ గడప లోపల 'లేదు' అనే మాట అనదు, ఎవరినీ అననివ్వదు. పల్లె నుంచి వచ్చినవాళ్ళు 'నేదు' అన్నా ఒప్పుకోదు. అడిగిన సరుకు దగ్గర లేకపోతే 'వస్తాది' అంటుంది. అయిపోయినవన్నీ నిండుకుంటాయి. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె తెలియక గోడౌన్‌లో నిలబడి "పిక్కలు నేవమ్మా" అనేస్తే, గ్లాసుడు నీళ్ళిచ్చి పుక్కిలించి రమ్మంది. "నేదు నేదంటే లచ్చిమి నిజమే కాబోలనుకుని ఎలిపోతాది" అని ఆవిడ వాదన. నేను నవ్వుతాను గానీ నా వంటింట్లో ఉప్పు డబ్బా విషయంలో నేనూ అంతే.

పైగా ఆవిడ ఆ మాట నలభై రోజుల ముందే అంటుంది. ఘనా దేశంలో ఓడెక్కిన పిక్క, ఆఫ్రికా చుట్టూ తిరిగి, కొలంబోలో దిగి వేరే ఓడెక్కి, మన రేవుకి చేరడానికి నలభై రోజులు పైన పడుతుంది. అంచేత గోడౌన్‌లో తొమ్మిది వందల బస్తాలు కళ్ళెదురుగా ఉన్నప్పుడే భాగ్యవతి నిండుకుందంటుంది. సముద్రం మీద సరుకు తెచ్చుకునేవాళ్ళకి ఆకలి నలభై రోజుల ముందే వెయ్యాలి మరి. రోజుకి ఇరవై బస్తాల లెక్కన ఆ తొమ్మిది వందలూ కరిగిపోయేసరికి కొత్త కంటైనర్లు గేటు ముందుంటాయి.

పిక్కలు పంపేది ఘనాలో తేమా రేవు దగ్గరుండే ఒక వ్యాపారి. పేరు క్వామే. ఆవిడ నోట్లో 'కామయ్య' అయ్యాడు. నలభై దాటిన మనిషి, ఆవిడని 'మామా' అని పిలుస్తాడు. వాళ్ళ వైపు అమ్మలాంటి మనిషిని అలా పిలుస్తారట. మొదటిసారి ఫోనులో ఆ పిలుపు విని పొట్టు తీసే ఆడవాళ్ళంతా చేటలు కింద పెట్టి నవ్వారు. "సావుకారమ్మని మామా అంటన్నాడేటి!" అని.

పదకొండేళ్ళ పాటు ఆ కామయ్యకి ఇంగ్లీషులో ఉత్తరాలు రాసింది నేను. ఆవిడ మెట్ల కింద నిలబడి "నిండుకున్నాదని రాయి పంతులమ్మా" అని అరిచేది. నేను 'సరుకు అయిపోవస్తోంది, వెంటనే పంపగలరు' అని ఇంగ్లీషులో రాసేదాన్ని. ఒక మాటకి ఇంకో మాట రాస్తున్నానన్న ధ్యాసే ఉండేది కాదు. నిరుడు సింధు డిగ్రీ చివరి సంవత్సరంలోకి వచ్చింది. నానమ్మ ఫోనులో ఏదో పెట్టింది. తెలుగులో మాట్లాడితే అది ఇంగ్లీషులో రాసి పంపుతుంది, అటునుంచి వచ్చింది తెలుగులో చదివి వినిపిస్తుంది. నా పదకొండేళ్ళ కొలువు ఒక్క వేలితో ఊడిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. మెట్ల కింద నుంచి అరుపు ఆగిపోయింది, అంతే. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఎవరికీ చెప్పుకోలేదు, అది ఇంకా చెడ్డది.

జులై నెలలో, గోడౌన్‌లో తొమ్మిది వందల బస్తాలున్న రోజున, భాగ్యవతి ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "కామయ్యా, మా గోడౌను నిండుకున్నాది. ఇంక నీకు సెప్పాలేటి?" అంది. ఫోనుకి నానమ్మ యాస ఎక్కడం లేదని సింధు అదే శుభ్రమైన తెలుగులో మళ్ళీ చెప్పింది. "మా గోడౌన్ నిండుకుంది. ఇంక మీకు చెప్పేదేముంది." ఫోను చటుక్కున ఇంగ్లీషులో రాసింది. సింధు చదవకుండానే పంపేసి, ఆ ముచ్చట నాకు చూపించడానికి మేడ మీదికి పరిగెత్తుకొచ్చింది.

"చూడండి టీచర్, ఎంత నీట్‌గా రాసిందో!"

నా కళ్ళద్దాలు పక్కనే, చేతికందే దూరంలో ఉన్నాయి. పెట్టుకోలేదు. ఫోను రాసిన ఇంగ్లీషుని నేను చదవాలా అని పౌరుషం. "బాగుందమ్మా" అన్నాను.

కామయ్య జవాబు సాయంత్రానికి వచ్చింది. ఫోను తెలుగులో చదివింది. 'చాలా సంతోషం మామా. నీ సరుకు నేను పట్టుకుంటాను. దేవుడు నిన్ను దీవించాలి.'

భాగ్యవతి మురిసిపోయింది. "సూసినావా, పట్టుకుంటాడట. ఎంత మరియాదగా సెప్పినాడో."

మామూలుగా ఓడ బయల్దేరిన మూడు వారాలకి కాగితాలొస్తాయి. ఈసారి నాలుగు వారాలైనా రాలేదు. కొలంబోలో రద్దీగా ఉందని ఊళ్ళో అందరూ అనుకుంటున్న రోజులవి. ఒకరివి పది రోజులు, ఇంకొకరివి పదిహేను రోజులు ఆలస్యమవుతున్నాయి. భాగ్యవతి కూడా కొలంబోని తిట్టి ఊరుకుంది. అయిదో వారం దాటాక, కాగితాలేవని సింధు అడిగింది. కామయ్య వెంటనే ఒక ఫొటో పంపాడు. తేమాలో తన గోడౌన్. పైన కొత్త టార్పాలిన్, కింద చెక్కలు, వాటి మీద ముచ్చటగా పేర్చిన పన్నెండు వందల బస్తాలు. కింద రాసి ఉంది, నీ సరుకు భద్రంగా ఉంది మామా, ఒక్క ఎలుక కూడా రాలేదు, నీ గోడౌన్‌లో చోటు అవగానే చెప్పు, ఎక్కిస్తాను అని.

సింధు ఆ ఫోను పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఈసారి కళ్ళద్దాలు పెట్టుకున్నాను. పైకి జరుపుకుంటూ పోయి అయిదు వారాల కిందటి మాట చదివాను. 'మా గోడౌన్ నిండుగా ఉంది. ఇంకా చెప్పాల్సింది ఏముంది' అని చక్కటి ఇంగ్లీషులో, తప్పుల్లేకుండా రాసి ఉంది. పాపం ఆ మనిషి సంతోషించాడు. ఓడలో మా కోసం తీసుకున్న చోటు ఇంకెవరికో ఇచ్చేసి, మా సరుకుని పట్టుకుని కూర్చున్నాడు.

ఆ రోజు చెయ్యి చాపి అద్దాలు పెట్టుకుని ఉంటే ఒక్క చూపుకి దొరికిపోయేది.

కిందికి దిగి వెళ్ళాం. భాగ్యవతి గోడౌన్ అరుగు మీద కూర్చుని పిక్కలు కోసి చూస్తోంది. సింధు చెప్పడం మొదలుపెట్టి సగంలో ఏడ్చేసింది. మిగతా సగం నేను చెప్పాను. నా కళ్ళద్దాల సంగతి కూడా చెప్పాను. దాచితే ఆ రాత్రి నాకు అన్నం దిగదు.

ఆవిడ చేతిలో పిక్క కింద పెట్టింది.

"అయితే కామయ్యది తప్పు కాదు. నిండా ఉన్నాదంటే ఎవుడు పంపుతాడు?" అని, నా వైపు తిరిగింది. "ఏటి పంతులమ్మా, కోపమొస్తే నా మొకం మీద తిట్టాల గానీ, అద్దాలెట్టుకోడం మానేస్తారేటి?"

అంతకన్నా ఆవిడ నన్ను కొట్టినా బాగుండేది.

గోడౌన్‌లో నూట ఎనభై బస్తాలున్నాయి. తొమ్మిది రోజులు. కామయ్య ఆ రోజే ఓడెక్కించినా నలభై రోజులు. మధ్యలో నెల రోజులు గేటు మూతపడాలి. తిత్లీ నాడు అన్న మాట పోతుందన్నది ఆవిడ బాధల్లో చిన్నది. పెద్దది పొట్టు గదిలో ఉంది. అక్కడ పెద్దరికం చేసే చిన్నతల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి మెల్లగా చెప్పింది.

"సావుకారమ్మా, సెన్నై నుంచి రొయ్యల కంపినీ మేస్త్రీలు మనుసుల కోసం మా ఊళ్ళల్లో తిరగతన్నారు. ఇప్పటిదాకా మాము ఎల్లమనే సెప్పినాము. నెల్రోజులు కూకుంటే మాత్రం సగం మంది బస్సెక్కెస్తారు. ఎక్కినోళ్ళు మల్లీ రారు. నాను ముందే సెప్తన్నాను, తరవాత నన్ననొద్దు."

భాగ్యవతి తలూపింది. లేచి, పొట్టు గది గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని పొట్టు తీస్తున్నారు, ఎవరో ఏదో అంటే నవ్వుతున్నారు. ఆవిడ అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. గుమ్మానికి ఆనుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తిత్లీ రోజున కూడా ఏడవని మనిషి.

మర్నాడంతా భాగ్యవతి ఊళ్ళో వాకబు చేయించింది. దీపావళి గిరాకీ కోసం ఎవరి పిక్కలు వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. గోడౌన్ నిండా సరుకుండి, దాంతో పని లేనివాడు ఒక్కడే తేలాడు. రెండు వీధుల అవతల ధర్మారావు. పిక్కలుడికించే బాయిలరు పగిలి ఆయన ఫ్యాక్టరీ రెండు వారాలుగా ఆగిపోయింది. కొత్తది ఎప్పుడొస్తుందో తెలీదు.

ధర్మారావు భాగ్యవతికి వరసకి బావ. ఇద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఒక పెళ్ళి భోజనాల్లో ఆయన పాయసం చప్పరిస్తూ "ఇది ఓడ పిక్క, రుసి లేదు" అని నలుగురిలో అన్నాడు. ఆ పప్పు ఇచ్చింది భాగ్యవతి. ఆవిడ గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చేసింది. ఆయన గోడౌన్‌లో ఉన్నది మాత్రం ఏ దేశపు పిక్కో!

"నువ్వు కూడా రా పంతులమ్మా" అంది నాతో. సింధు గేటు దాకా వచ్చి జాగ్రత్తలు చెప్పింది. "నానమ్మా, ఈసారైనా అర్థమయ్యేలా చెప్పు. పిక్కలు లేవు, సాయం చెయ్యమని అడుగు. ఆ మాట మాత్రం వాడకు." దారిలో ఆవిడ రెండుసార్లు పెదాలు కదిపింది, మాట బయటికి రాలేదు.

ధర్మారావు చచ్చిపోయిన బాయిలరు ఎదుట కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. మమ్మల్ని చూసి పేపరు దించకుండానే అన్నాడు.

"ఏటి భాగ్యం, దారి తప్పినావా?"

భాగ్యవతి నిలబడే ఉంది. నేను మనసులో 'లేవు అను, లేవు అను' అనుకుంటున్నాను.

"నిండుకున్నాది బావా" అంది.

ఆయన పేపరు మడిచాడు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు, ఎలా జరిగిందని అడగలేదు, మూడేళ్ళ సంగతి ఎత్తలేదు.

"ఎన్నాళ్ళకి కావాల?"

"నెల్రోజులకి."

"ఒరే, గోడౌను సెట్టరు లేపండ్రా!" అని లోపలికి కేకేశాడు. "నాకేమో బాయిలరు కొండెక్కీసినాది. పిక్కలు కూకుని కూకుని ముసిలివైపోతన్నాయి. అట్టుకెల్లు. నీ ఓడొచ్చినాక బస్తాకి బస్తా ఎట్టీ. మా ఆడోళ్ళు పదేను మంది కూడా ఊరికే కూకున్నారు, ఆళ్ళకీ పని సూడు."

"సూస్తాను బావా" అంది భాగ్యవతి. వెంటనే, "ఇవి ఓడ పిక్కలేనా? రుసుండదేమో!" అంది.

ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. నేను గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఫోను తెలివి ఫోనుది. కానీ ఆ మాటలో ఎంత అవసరముందో, అడగడానికి ఆవిడ ఎంత సిగ్గుపడుతోందో, అన్నీ అర్థం చేసుకునే మనిషి రెండు వీధుల అవతలే ఉన్నాడు. నాకు ఆ పూట నా భాష మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది.

ఇంటికి రాగానే కామయ్యకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాం. ఈసారి ముగ్గురం. "పిక్కలు లేవు అనే రాయాలి నానమ్మా" అంది సింధు. ఆవిడ నా వైపు చూసింది.

"ఇంగిలీసులో రాసెయ్ పంతులమ్మా. లచ్చిమికి ఇంగిలీసు రాదు" అంది.

రాశాను. మొదట సరుకు వెంటనే పంపమని, తర్వాత క్షమాపణ, ఆ తర్వాత ఒక పేజీ నిండా మన వాళ్ళు బియ్యం అయిపోతే ఏమంటారో, ఎందుకంటారో. పాత పంతులమ్మని కదా, ఉదాహరణలు కూడా ఇచ్చాను. మరుసటి రోజు కామయ్య వీడియో కాల్ చేశాడు. కోపంగా ఉంటాడనుకున్నాం. తల వెనక్కి వాల్చి నవ్వుతున్నాడు. ఆ మాట మళ్ళీ అనమన్నాడు. భాగ్యవతి అంది. తను కూడా అన్నాడు, మూడోసారికి డకారం కుదిరింది. పొట్టు గదిలో ఆడవాళ్ళంతా ఫోను చుట్టూ మూగి అతని చేత పదిసార్లు అనిపించారు. ఆ వారమే దొరికిన ఓడలో నాలుగు కంటైనర్లూ ఎక్కించాడు.

అప్పటి నుంచి వారానికోసారి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మెసేజ్ వచ్చేది. "మామా, నిండుకుందా?" సింధు చదివి వినిపించేది. "వస్తాదని సెప్పు" అనేది భాగ్యవతి. ధర్మారావు పిక్కల మీద ఫ్యాక్టరీ నడిచింది. ఆయన ఆడవాళ్ళు పదిహేను మందీ వచ్చి చేరేసరికి పొట్టు గదిలో చోటు చాలక కొందరు వరండాలో కూర్చున్నారు. రొయ్యల కంపెనీ మేస్త్రీ ఒకడు గేటు దాకా వచ్చి, లోపలి సందడి చూసి, చిన్నతల్లి నాలుక్కి దొరక్కుండా వెళ్ళిపోయాడు. ఒక్కరు కూడా బస్సెక్కలేదు. సింధు ఏ మెసేజ్ అయినా ముందు నాకు చూపిస్తోంది. నేను కళ్ళద్దాలు దారం కట్టి మెడలో వేసుకున్నాను.

దీపావళికి ఆరు రోజుల ముందు, మధ్యాహ్నం భోజనాలవేళ, నాలుగు లారీలు వరసగా వీధిలోకి వచ్చాయి. భాగ్యవతి కొబ్బరికాయ కొట్టింది. మొదటి బస్తాలోంచి గుప్పెడు పిక్కలు తీసి, కోసి, వాసన చూసింది. "కామయ్యవే" అంది, చుట్టం మొహం చూసినట్టు. పిక్కల మధ్య ఒక నీలం గుండీ దొరికింది, అది సీసాలోకి వెళ్ళింది. ధర్మారావు చేతికర్రతో సహా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తన బస్తాలు రేపు పంపితే చాలన్నాడు. కొత్త బాయిలరు ఇంకా బిగిస్తున్నారట.

హమాలీలు సాయంత్రం నాలుగింటి దాకా మోశారు. గోడౌన్‌లో బస్తాలు రేకుల కప్పు దాకా లేచాయి. మధ్యలో నడిచే దారి కూడా మూసుకుపోయింది. చివరికి ఒక హమాలీ నెత్తి మీద బస్తాతో గుమ్మంలో నిలబడి ఎటు వెయ్యాలో తెలీక చూస్తున్నాడు. గడప లోపల ఇరుక్కుని నిలబడ్డ భాగ్యవతి చేతిలో ఫోను టింగుమంది. సింధు మెడ చాచి చదివింది.

"నానమ్మా, కామయ్య. 'మామా, నిండుకుందా?' అంటున్నాడు."

అందరం ఆవిడ వైపు చూశాం. భాగ్యవతి కప్పు దాకా ఉన్న బస్తాల్ని చూసింది. పొట్టు గది గుమ్మంలో గుంపుగా నిలబడ్డ ఆడవాళ్ళని చూసింది. నలభై అయిదేళ్ళుగా ఆ గడప లోపల ఆవిడ అనని మాట ఒకటుంది.

"లేదు" అంది.

చిన్నతల్లి చేతిలో చేట జారి కింద పడింది.

"లేదు కామయ్యా, నిండుకోలేదు! అడుగెయ్యడానికి సోటే లేదు!" అని గట్టిగా నవ్వుతూ, చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, నా వైపు తిరిగింది. "అలా సూస్తావేటి పంతులమ్మా? అద్దాలెట్టుకో. రాయి."